బయటి నుంచి పిలిచే మనిషి

మా సంస్థ పదేళ్ళ సంచికలో సలోమి గురించి మూడు వాక్యాలు అచ్చేశారు. క్షేత్ర పర్యవేక్షకురాలనీ, పదేళ్ళ అనుభవం ఉందనీ, ఓర్పు గల మహిళ అనీ. ఓర్పంట! ఆ మాట రాసినవాడు సలోమిని ఒక్క పూటైనా చూసి ఉండడు. బడి దారికి అడ్డంగా లారీ పెట్టిన డ్రైవర్ని కాలరు పట్టుకుని కిందికి దించిన మనిషికి ఓర్పేమిటి? అందుకే నేనే రాద్దామని కూర్చున్నాను. ఆవిడంటే నాకు గర్వం. అయితే ఈ కథలో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాస్తే సలోమి ఊరుకోదు.

ముందు నా సంగతి. నా పేరు నాగభూషణరావు. ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ బడుల్లో పాఠాలు చెప్పి, గురజాలలో హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. పిల్లలు నా వెనక నన్ను 'హాజరు మాస్టారు' అనేవాళ్ళు. ఏడాదంతా ఒక్క రోజు కూడా బడి మానని పిల్లలకు జెండా పండగ నాడు పెన్నూ డిక్షనరీ ఇచ్చేవాణ్ణి. జ్వరంతో వచ్చి చివరి బెంచీలో పడుకున్నవాడికి కూడా ఇచ్చాను. అప్పుడది గొప్ప పనే అనుకున్నాను.

రిటైరయ్యాక పిడుగురాళ్ళలో ఒక చిన్న సంస్థ మొదలుపెట్టాను. క్వారీల్లో, సున్నపు బట్టీల్లో పనికి వెల్దుర్తి వైపు మెట్ట ఊళ్ళ నుంచి కుటుంబాలు కుటుంబాలే వచ్చేస్తాయి. పెద్దవాళ్ళు రాయి కొడుతుంటే పిల్లలు ఆ దుమ్ములోనే తిరుగుతుంటారు. వాళ్ళ కోసం బట్టీల పక్కనే రేకుల షెడ్లలో బడులు నడిపి, రెండేళ్ళలో వాళ్ళను సర్కారు బడికి చేర్చడం మా పని. పాఠాలు చెప్పడానికి గుంటూరు నుంచీ నరసరావుపేట నుంచీ చదువుకున్న కుర్రవాళ్ళు వచ్చేవాళ్ళు. పొద్దున ఏడింటికి బడి, మధ్యాహ్నం ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులతో మాటలు, సాయంత్రం ఫోటోలు, రిపోర్టులు, ఆ పైన ఏ ఇంట్లో గొడవైనా ఫోను మోగేది వాళ్ళకే. అయినా ఎగబడి చేసేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి ఒకరోజు హఠాత్తుగా రాజీనామా కాగితం నా బల్ల మీద ఉండేది.

ఈ కాలం పిల్లలకు నిలకడ లేదని నేను తీర్మానించాను. నిలకడ నేర్పడానికి నాకు తెలిసిన మందే వాడాను. ఏడాదిలో ఒక్క సెలవు కూడా పెట్టనివారికి వార్షికోత్సవం నాడు పూలదండ వేసి, జరీ అంచు శాలువా కప్పి, వేదిక మీద కూర్చోబెట్టి సన్మానం చేయడం మొదలుపెట్టాను. శాలువా నేనే స్వయంగా నరసరావుపేట వెళ్ళి ఏరి కొనేవాణ్ణి.

సలోమిది రెంటచింతల. ఇప్పుడు నలభై ఆరేళ్ళు. అక్కడి చర్చి బడిలో ఏడు దాకా చదివి, పెళ్ళయ్యాక భర్త జోసెఫ్‌తో పిడుగురాళ్ళ బట్టీల పనికి వచ్చింది. ముంజేతుల మీద సున్నం కాల్చిన తెల్లమచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. నేను మొదటి బడి పెట్టినప్పుడు పిల్లల్ని పోగు చేయడానికి ఎవరైనా కావాలంటే, తట్ట పక్కన పెట్టి వచ్చింది. ముప్పై ఆరో ఏట పదో తరగతి పరీక్ష రాసింది. మొదటిసారి లెక్కల్లో పోయింది. రెండోసారి ముప్పై ఎనిమిది మార్కులు తెచ్చుకుని, ఆ కాగితం ఆఫీసులో అందరికీ చూపించి, నా చేత చప్పట్లు కొట్టించుకుంది. ఆవిడ గొంతు సంగతి చెప్పాలి. రాళ్ళ మిషను ఆడుతున్నా, నాలుగు లారీలు ఒకేసారి హారను కొడుతున్నా, ఆవిడ పేరు పెట్టి పిలిస్తే ఆ పేరుగల మనిషి ఆగి తీరాలి.

మూడేళ్ళ కిందటి మాట. మార్చి నెలలో ఒకనాడు మా జీపులో బడి నుంచి వస్తున్నాం. సత్తార్ జీపు నడుపుతున్నాడు. వెనక కూర్చున్న సలోమి ముందుకు వంగి అడిగింది.

"మాస్టారూ, రుచితకు పది రోజులు సెలవియ్యండి."

రుచిత అప్పటికి మా దగ్గర చేరి ఏడాదిన్నర. నరసరావుపేటలో పత్తి వ్యాపారం చేసేవారి అమ్మాయి. గుంటూరులో పెద్ద చదువు చదివి, ఇంట్లోవాళ్ళు వద్దంటున్నా పంతం పట్టి ఈ పనికొచ్చింది. మా అందరిలోకీ చురుకైన పిల్ల. ఆ ఏడాది శాలువా ఆమెకేనని నేను మనసులో ఎప్పుడో రాసేసుకున్నాను.

"ఆ అమ్మాయి అడగలేదే," అన్నాను.

"అడగదు. అడిగేది అయితే ఇంత దాకా యాడొచ్చేది? నిన్న బళ్ళో ఎల్లమ్మ కూతుర్ని 'ఏయ్ పాపా' అని పిలిచింది మాస్టారూ."

"అయితే?"

"సంక్రాంతికి ముందు నలభై మంది పేర్లు ఇంటిపేర్లతో సహా చెప్పేది. ఇప్పుడు పేర్లు పోయినయ్. నిలబడే తింటంది. నవ్వితే కళ్ళు నవ్వటం లా."

"నలభై మందిలో ఒక పేరు మర్చిపోతే కొంప మునిగిపోయిందా సలోమీ? వచ్చే నెల వార్షికోత్సవం. హైదరాబాదు నుంచి దాతలు వస్తున్నారు. వాళ్ళకు చూపించాల్సిన రిపోర్టంతా ఆ పిల్ల చేతిలోనే ఉంది. అదయ్యాక చూద్దాం."

అద్దంలో సత్తార్ నావైపు ఒకసారి చూసి, గేరు మార్చాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. డ్రైవర్లకు కూడా అభిప్రాయాలు ఎక్కువైపోయాయని లోపల గొణుక్కున్నాను.

వార్షికోత్సవం ఏప్రిల్ మొదటి వారంలో పెట్టాం. ఆఫీసు ముందు షామియానా, అద్దె కుర్చీలు, చల్లటి మజ్జిగ. ఎండ అప్పటికే మండిపోతోంది. హైదరాబాదు అతిథులు నలుగురు వేదిక మీద కూర్చున్నారు. కింద బట్టీల కుటుంబాలు, పిల్లలు, మా సిబ్బంది. నేను మైకు పట్టుకుని, మూడువందల అరవై అయిదు రోజుల్లో ఒక్క సెలవు కూడా పెట్టని అంకితభావం గురించి పావుగంట మాట్లాడి, రుచిత పేరు పిలిచాను. పళ్ళెంలో దండ, శాలువా సిద్ధంగా ఉన్నాయి.

రుచిత వెనక వరసలోంచి లేచింది. చేతిలో ఫోను, ఆ ఫోనులో ఇంకా ఏదో టైపు చేస్తూనే నడుస్తోంది. జుట్టు ముడి సగం ఊడిపోయి ఉంది. వేదిక మెట్ల దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఎక్కడానికి కాలు ఎత్తి, ఎందుకెత్తిందో మర్చిపోయినట్టు మళ్ళీ కింద పెట్టింది.

అప్పుడు వినిపించింది ఆ గొంతు.

"రుచితా! బయటికి రా!"

మైకు అక్కర్లేదు దానికి. షామియానా కింద అందరూ తలలు తిప్పారు. ఆడవాళ్ళ వరసలోంచి సలోమి లేచి నిలబడి ఉంది. వింతేమిటంటే, బట్టీల్లో పనిచేసే జనం ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు. ఆవిడకు దారి ఇస్తూ అందరూ పక్కకు జరిగారు.

"ఏంది సలోమీ ఇది?" అన్నాను మైకులోనే. కంగారులో నా గొంతులో ఊరి యాస బయటపడింది.

"శాలువా తర్వాత కప్పుదురు గానీ మాస్టారూ. ముందు పిల్లను ఇంటికి పంపించాలి."

రుచిత ఆమె వైపు తిరిగింది. "ఇంకో రెండు రోజులక్కా. రిపోర్టు ఒక్కటి అయిపోతే..."

ఆ 'ఇంకో రెండు' అనే మాట వినగానే సలోమి ముఖం మారిపోయింది. గబగబా వచ్చి ఆ పిల్ల చేతిలోని ఫోను తీసుకుని తన జాకెట్లో పెట్టుకుంది. "పార దించు," అంది. ఆ మాట మాకెవరికీ అర్థం కాలేదు. కానీ రుచిత అక్కడే మెట్టు మీద కూలబడి, చిన్నపిల్లలా ఏడ్వడం మొదలుపెట్టింది. నాకు తెలిసి ఏడాదిన్నరలో ఆమె కంటతడి అదే మొదటిసారి. సత్తార్ ఎవరూ చెప్పకుండానే జీపు తెచ్చి షామియానా పక్కన ఆపాడు. సలోమి ఆమెను ఎక్కించుకుని, తనూ ఎక్కి, నరసరావుపేట దారి పట్టింది.

నేను పరిచిన శాలువా రెండు చేతులతో పట్టుకుని, నలుగురు అతిథుల ముందు నిలబడిపోయాను. నా జీవితంలో అంత తెలివితక్కువగా ఎప్పుడూ నిలబడలేదు. వాళ్ళలో ఒకాయన మర్యాదకు చప్పట్లు కొట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే సలోమికి సంజాయిషీ కాగితం పంపాను. ఇరవై నాలుగు గంటల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని, లేదంటే ఉద్యోగంలోంచి తీసేయాల్సి వస్తుందని. హెడ్మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆవిడ ఆ కాగితం పట్టుకుని నా గదిలోకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రాసే ముందు ఒకటి అడగనా మాస్టారూ? ఇప్పటిదాకా ముగ్గురికి శాలువాలు కప్పారు. ఆ ముగ్గురూ యాడున్నారు?"

మొదటి ఇద్దరూ ఆరు నెలలు తిరక్కుండా మానేశారు. మూడోవాడు అమర్నాథ్. మాచర్లలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. బజార్లో నేను కనబడితే పక్క సందులోకి తప్పుకుంటాడు. ఆ పిల్లవాడు బట్టీ పిల్లలకు పాట నేర్పితే పెద్దవాళ్ళు కూడా వచ్చి నిలబడేవాళ్ళు.

"మీ శాలువా కప్పించుకున్నోళ్ళు ఒక్కరు కూడా నిలవలా," అంది సలోమి. "లెగండి. జవాబు రాసేది కాదు, చూపించేది."

నన్ను ఒక సున్నపు బట్టీకి తీసుకెళ్ళింది. ఏడేళ్ళు బట్టీల పక్కన బడులు నడిపాను గానీ, బట్టీ కింది నోటి దగ్గర నేనెన్నడూ నిలబడలేదు. పైనుంచి రాయీ బొగ్గూ వేస్తారు. కాలిన రాయిని కింది నోటి దగ్గర పారతో లాగి తట్టలకెత్తాలి. లోపల వేడి, మీద పడే సున్నం దుమ్ము, చెమట తగిలితే ఆ దుమ్ము ఒళ్ళు కాలుస్తుంది. అందుకని పనివాళ్ళు ఒళ్ళంతా కొబ్బరినూనె రాసుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుని దిగుతారు. ఒక్కొక్కరు దిగినప్పుడల్లా బయట నీడలో ఒక మనిషి కూర్చుని ఉంటుంది. ఆ మనిషికి వేరే పని లేదు. లోపలున్నవారిని చూస్తూ ఉండడమే.

"ఆమె పిలిచే మనిషి," అంది సలోమి. "లోపలోడికి తన వేడి తనకు తెలవదు. తల తిరిగేటప్పుడు తిరుగుతుందని తెలవదు. అందుకని పిలిచేది బయటోళ్ళు. పేరు పెట్టి పిలిస్తే తట్ట సగంలో ఉన్నా సరే, పార దించి రావాలి. ఎందుకూ ఏమిటీ అని అడగకూడదు."

"మేస్త్రీ పిలవొచ్చుగా?"

ఆవిడ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "మేస్త్రీ కళ్ళు లోడు మీద ఉంటయ్ మాస్టారూ. మేస్త్రీ పిలవకూడదు. అది మా కట్టుబాటు."

నాకు రోషం వచ్చింది. నేనూ చూస్తానని చొక్కా విప్పి, నూనె రాయించుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుని దిగాను. అరవై అయిదేళ్ళ మనిషికి ఆ సరదా ఏమిటని పనివాళ్ళు నవ్వుతున్నారు. పార పట్టి లాగుతున్నాను. మొదట్లో బానే ఉంది. తర్వాత కూడా బానే ఉన్నట్టే ఉంది. నన్ను చూసి నవ్వినవాళ్ళకు ఒక తట్ట నింపి చూపించాలని పట్టుదలొచ్చింది.

"మాస్టారూ! బయటికి రండి!"

"ఇంకో రెండు నిమిషాలు," అన్నాను.

అన్నాక నా మాట నా చెవిన పడింది. పార వదిలేశాను. బయటికొచ్చి నీడలో కూర్చున్నాక గానీ నా కాళ్ళు వణుకుతున్నాయని తెలియలేదు. ఎవరో నా తల మీద నీళ్ళు పోశారు. సలోమి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో టీ తాగాను. టీ పెట్టింది జోసెఫ్. అతనికి కుడికన్ను లేదు, ఎడమకన్ను మసక. అయినా ఇంట్లో వంటంతా అతనిదే, పొయ్యి మంట చప్పుడు వినే చెప్తాడు టీ పొంగిందో లేదో. బట్టీలో ప్రమాదమని మాత్రమే నాకు తెలుసు. మిగతాది ఆరోజే చెప్పాడు.

"అప్పుడు మాకు పెళ్ళయి రెండేళ్ళు మాస్టారూ. నేను లోపల, ఇది బయట. పిలిచింది. నేను నవ్వుతా 'ఇంకో రెండు తట్టలే' అన్నా. మనిషిని నవ్వుతా ఉన్నా గదా, ఇది సరేననింది. రెండో తట్టకు ముందుకు పడ్డా. సున్నంలో మొహం."

సలోమి గడప దగ్గర కూర్చుని ఉంది. "ఒప్పుకున్నా," అంది.

"దానికిదే బాధ. నాకేం లేదు," అన్నాడు జోసెఫ్. "ఒంటి కన్నుతో కూడా దీని కోపం కనపడతానే ఉంటది."

ఆ ఇంట్లోనే, ఆ టీ గ్లాసు పక్కనే సంజాయిషీ కాగితం నాలుగు ముక్కలు చేశాను. తప్పు నాదేనని నోరు విడిచి చెప్పాను. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో అలాంటి మాట ఎవరితోనూ అనలేదు, అటెండరుతో సహా.

తర్వాతి సోమవారం సిబ్బంది అందరినీ కూర్చోబెట్టాం. బట్టీ కట్టుబాటే మా సంస్థ కట్టుబాటని సలోమి చెప్పింది. ప్రతి ఒక్కరూ తమను పిలిచే మనిషిని ఎంచుకోవాలి. ఆ మనిషి తన పైఅధికారి కాకూడదు. పిలిస్తే ఆ గంటలోనే పని దించి ఇంటికెళ్ళాలి, ఫోను ఆఫీసులో ఇచ్చి వెళ్ళాలి. ఎన్ని రోజులన్నది పిలిచినవారే చెప్తారు. దించిన పనిని మిగిలినవాళ్ళు పంచుకుంటారు. ఒక్కో బడికి ఒక్కరు కాకుండా ఇద్దరుండాలి. మధ్యాహ్నం నాలుగిళ్ళకు మించి తిరగకూడదు. నన్నెవరూ పిలిచే మనిషిగా ఎంచుకోవడానికి వీల్లేదన్నారు, నేను మేస్త్రీనట. కుర్రవాళ్ళంతా నవ్వారు. సరేలెమ్మని నేనూ నవ్వాను గానీ, కాస్త చురుక్కుమంది.

రుచిత తిరిగి వస్తుందో రాదో మాత్రం ఎవరికీ తెలియదు. ఇంటికెళ్ళి రెండు రోజులు పడుకునే ఉందట. అయిదో రోజున వాళ్ళమ్మగారు సలోమికి ఫోను చేసి, ఇంత బంగారంలాంటి పిల్లను ఏం చేశారని అరగంట తిట్టారు. సలోమి స్పీకరు పెట్టి ఆ తిట్లు నాకూ వినిపించింది. "తిట్టండమ్మా, మీరు తిట్టాల్సిందే," అంటూ అన్నీ ఒప్పుకుంది. ఆ పిల్ల తిరిగి రాకపోతే ఆ తప్పు నా నెత్తినే ఉంటుందని నాకు తెలుసు. రోజూ ఆఫీసుకు రాగానే ఆమె కుర్చీ వైపు చూసేవాణ్ణి.

పదమూడో రోజున రుచిత నరసరావుపేట బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ నేరుగా బడి షెడ్డుకు వెళ్ళింది. నేను వెళ్ళేసరికి పిల్లలందరూ చుట్టూ మూగి ఉన్నారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తోంది, ఇంటిపేర్లతో సహా. సలోమి షెడ్డు బయట నిలబడి, వేళ్ళు మడుస్తూ వింటోంది. నలభయ్యో పేరు కాగానే కొంగు నడుముకు దోపుకుని, "ఏమే, వంట్లో బాగుందా?" అని అడిగి తన దారిన తను వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడేళ్ళలో మా దగ్గర మానేసినవాళ్ళు ఇద్దరే. ఒకరికి సర్కారు ఉద్యోగమొచ్చింది, ఇంకొకరు పై చదువుకు వెళ్ళారు. ఇద్దరూ వెళ్ళేముందు మిఠాయి పంచారు. అమర్నాథ్ దుకాణానికి నేనే వెళ్ళాను. క్షమించమన్నాను. తిరిగి రాలేదు గానీ, ఆదివారాలు వచ్చి పిల్లలకు పాట నేర్పుతున్నాడు. నరసరావుపేట శాలువా మా ఆఫీసు ప్రింటరు మీద కప్పి ఉంది. పిడుగురాళ్ళ దుమ్ములో దానికీ రక్షణ కావాలిగా.

ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉంటుంది. కానీ నాకు అసలు గర్వం కలిగింది ఈ ఏడాది ఆగస్టులో.

ఆగస్టు మొదట్లో ఒక బట్టీ మూతపడింది. తెల్లారేసరికి పదిహేను కుటుంబాలు ఎటు వెళ్ళాయో తెలియదు. పంతొమ్మిది మంది పిల్లలు, అందులో పదకొండు మంది ఆ నెలలోనే సర్కారు బడిలో చేరాల్సినవాళ్ళు. సలోమి సంచీ తగిలించుకుని వెతకడానికి బయల్దేరింది. వెల్దుర్తి ఊళ్ళు తిరిగింది, కృష్ణ దాటి అవతలి క్వారీలు తిరిగింది. పొద్దున్నే మొదటి బస్సుకెళ్ళి చివరి బస్సుకు వచ్చేది. ఇరవై రెండు రోజుల్లో పదిహేను మందిని పట్టుకుంది. ఇంకా నలుగురు మిగిలారు.

అందరినీ ఎవరో ఒకరు పిలుస్తారు. సలోమిని పిలిచే మనిషి ఎవరు? మొదట్లో ఒకసారి అడిగితే, "నాకెందుకు? నేను బట్టీలో రాటుదేలినదాన్ని," అని కొట్టిపారేసింది. మేమూ వదిలేశాం. సలోమికి అలసట ఏమిటని మాకు ఒక నమ్మకం. ఇంకోసారి అదే తప్పు చేస్తున్నానని నాకు తట్టనే లేదు.

ఇరవై మూడో రోజు పొద్దున ఆఫీసులో కూర్చుని ఆ నలుగురి వివరాలు రాసుకుంటున్నాం. సలోమి నిలబడే ఇడ్లీ తింటోంది. రుచిత కాగితం మీద పేర్లు రాస్తూ, "మూడో పిల్ల పేరేందక్కా?" అంది.

సలోమి నోరు తెరిచింది. పేరు రాలేదు. "అదే... లింగయ్య మనవరాలు... పలక మీద నేనే అక్షరాలు దిద్దించా..." అంటూ నుదురు రుద్దుకుంది. ఆ తర్వాత చేతిలో పొట్లం బల్ల మీద పెట్టి సంచీ అందుకుంది. "వస్తదిలే పేరు. బస్సు పోద్ది. దాచేపల్లి వైపు ఇంకో రెండు బట్టీలు చూసొస్తా."

గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి. ఆవిడకు మాత్రం తన మాట వినబడలేదు. గుమ్మం దాకా వెళ్ళింది. నాకు లేచి ఆపాలనిపించింది. కానీ మేస్త్రీ పిలవకూడదు.

రుచిత లేచి నిలబడింది. సన్నటి గొంతు ఆ పిల్లది. దాన్ని ఎంత ఎత్తగలదో అంత ఎత్తింది.

"సలోమక్కా! బయటికి రా!"

సలోమి గిరుక్కున తిరిగింది. కళ్ళెర్రజేసింది. "ఎవర్నే పిలిచేది? నలుగురు పిల్లలు యాడున్నారో తెలవకుండా..."

"మేం చూస్తాం. పార దించక్కా."

"రెండు బట్టీలేనే రుచితా. రెండే. మధ్యాహ్నానికి వచ్చేస్తా. నీ మీదొట్టు." చివరికి సలోమి నవ్వింది కూడా, బతిమాలుతూ.

రుచిత కళ్ళ నిండా నీళ్ళున్నాయి. అయినా తల అడ్డంగా ఊపింది. "ఒక్కటి కూడా కాదు," అంటూ చెయ్యి చాపింది.

సలోమి భుజం మీది సంచీ తీసి ఆ చేతికి తగిలించింది. ఫోను కూడా ఇచ్చింది. ఆ తర్వాత రుచిత గడ్డం పట్టుకుని, ఆ పిల్ల ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఆ రోజు నేను ఒప్పుకున్నానే," అంది. "నువ్వు ఒప్పుకోలా."

బయట సత్తార్ జీపు తీశాడు. సలోమి ఎక్కి కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు, ఎవరికీ ఏమీ పురమాయించలేదు. మర్నాడు రుచితా మిగిలినవాళ్ళూ ఆ రెండు బట్టీలకూ వెళ్ళారు. రెండోదాని దగ్గర నలుగురు పిల్లలూ కనపడ్డారు. మూడో పిల్ల పేరు చంద్రకళ.

ఈ సంగతి చెప్దామని వాళ్ళింటికి ఫోను చేశాను. జోసెఫ్ ఎత్తాడు. పగలు పదకొండు గంటలైంది.

"ఇంకా నిద్రపోతంది మాస్టారూ. లేపమంటారా?"

"లేపావంటే చూడు," అన్నాను.